ఐసీయూలో డయాలసిస్ ఎప్పుడు ఆపవచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరు ఐసీయూలో ఉండి, కిడ్నీలు ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే కుటుంబం మొదట అడిగేది "డయాలసిస్ ఎందుకు పెడుతున్నారు" అని. రెండు మూడు రోజులు గడిచాక ఆ ప్రశ్న పోయి, "ఎప్పుడు తీస్తారు" అన్నది మొదలవుతుంది. ఎందుకు పెట్టాలన్నదానికి వైద్యుల దగ్గర చాలావరకు స్పష్టమైన జవాబులున్నాయి. ఎప్పుడు ఆపాలన్నదాని మీద జరిగిన పరిశోధన చాలా తక్కువ. అందుకే ఒకే రోగిని చూసి ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడం కనిపిస్తుంది. ఆ నిర్ణయం వెనక ఏం ఆలోచిస్తారో తెలిస్తే కుటుంబం కొంత ధైర్యంగా ఉండగలదు, సరైన ప్రశ్నలు అడగగలదు.

ఏళ్ల తరబడి జబ్బుతో కిడ్నీలు పూర్తిగా పోయి, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవాళ్ల సంగతి వేరు. ఇక్కడ మాట్లాడేది తీవ్రంగా జబ్బుపడి ఐసీయూలో చేరాక, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్నవాళ్ల గురించి.

ఒకసారి డయాలసిస్ పెడితే ఇక జీవితాంతం తప్పదా?

తప్పదన్న భయం చాలామందిలో ఉంది. ఆ భయంతోనే కొందరు మొదట్లో ఒప్పుకోరు కూడా. కానీ సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి), బీపీ బాగా పడిపోవడం, పెద్ద ఆపరేషన్, కండరాలు నలిగిపోవడం, కొన్ని రకాల మందులు, ఇలాంటి కారణాలతో ఆగిన కిడ్నీలు చాలాసార్లు కోలుకుంటాయి. కిడ్నీలో ఉండే సన్నటి నాళాల లోపలి పొర కణాలు దెబ్బతిన్నా మళ్లీ పుట్టగలవు. దానికి రోజులు పట్టవచ్చు, వారాలు పట్టవచ్చు. ఆ లోపు పొటాషియం, ఆమ్లం, నీరు ఒంట్లో పేరుకుని ప్రాణం మీదికి తేకుండా చూడటమే డయాలసిస్ పని. అది కిడ్నీని బాగుచేయదు. కిడ్నీ తనంతట తాను బాగుపడేదాకా మనిషిని నిలబెడుతుంది.

1945లో నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ అనే వైద్యుడు తాను తయారుచేసిన యంత్రంతో మొదటిసారి ఒక ప్రాణం నిలిపాడు. ఆ రోగి 67 ఏళ్ల మహిళ. ఆమెవి హఠాత్తుగా ఆగిన కిడ్నీలే. కోమాలో ఉన్న మనిషి డయాలసిస్‌తో స్పృహలోకి వచ్చింది, తర్వాత కిడ్నీలు కోలుకున్నాయి, ఇంకా కొన్నేళ్లు బతికింది. డయాలసిస్ సాధించిన తొలి విజయమే తర్వాత అవసరం లేకుండా పోయిన డయాలసిస్. ఈ సంగతి కుటుంబాలకు చెప్పడం నాకిష్టం.

క్రియాటినిన్ 6 నుంచి 2కి దిగింది. కిడ్నీలు బాగుపడినట్టేనా?

అలా అనుకోవడానికి లేదు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన ఒక వ్యర్థం. క్రియాటినిన్‌ని దించింది యంత్రం. రక్తాన్ని యంత్రం శుభ్రం చేస్తున్నంతసేపూ రిపోర్టులో కనిపించే అంకె యంత్రం పనితనాన్నే చెబుతుంది. కిడ్నీ ఎంత పనిచేస్తోందో ఆ అంకెలో కనపడదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. రెండు మూడు వారాలు ఐసీయూ మంచం మీద ఉన్న మనిషికి కండ కరిగిపోతుంది. కండ తగ్గితే క్రియాటినిన్ పుట్టడమే తగ్గుతుంది. అందుకని పడకేసి చిక్కిపోయిన మనిషికి క్రియాటినిన్ 1.5 అని వచ్చినా, బలంగా ఉన్న మనిషికి 1.5 వచ్చినంత భరోసా ఇవ్వదు. రోజూ రిపోర్టు చూసి అంకె తగ్గిందని సంబరపడి, మర్నాడు పెరిగిందని కుంగిపోయే కుటుంబాలను చూస్తే బాధేస్తుంది. డయాలసిస్ నడుస్తున్నన్నాళ్లూ ఆ అంకెను అంతగా పట్టించుకోవద్దు.

మరి దేన్ని చూడాలి?

మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగును. ఇన్ని పరీక్షలొచ్చినా డయాలసిస్ ఆపవచ్చా లేదా అన్నదానికి ఇప్పటికీ అందరూ ముందు చూసేది మూత్రమే.

23 దేశాల్లోని 54 ఐసీయూల్లో నిరంతర డయాలసిస్ (24 గంటలూ నెమ్మదిగా నడిచేది) మీద ఉన్న రోగులను గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2009లో వెలువడింది. బెస్ట్ కిడ్నీ అధ్యయనంలో భాగం అది. అందులో 529 మందికి డయాలసిస్ ఆపి చూశారు. 313 మందికి తర్వాత కనీసం వారంపాటు మళ్లీ అవసరం రాలేదు, మిగతా 216 మందికి వచ్చింది. ఎవరు నిలబడతారో ముందే చెప్పగలిగినవాటిలో అన్నిటికంటే బలమైనది ఆపే సమయానికి వస్తున్న మూత్రం. మూత్రం రప్పించే మందులు వాడకుండా రోజుకు 400 మి.లీ. పైన వస్తుంటే విజయావకాశం బాగా ఎక్కువ. ఆ మందులు వాడుతుంటే మాత్రం అదే నమ్మకం కలగడానికి రోజుకు సుమారు 2,300 మి.లీ. కావాల్సి వచ్చింది.

ఫ్రాన్స్‌లో 620 మందితో జరిగి 2016లో వచ్చిన అకికి ట్రయల్ ఇలాంటి అంకెలనే నియమంగా పెట్టుకుంది. మందుల్లేకుండా 500 మి.లీ. దాటితే ఆపడం గురించి ఆలోచించమంది. వెయ్యి దాటితే, లేదా మందులతో రెండు వేలు దాటితే, ఆపడమే మంచిదంది. అధ్యయనాన్ని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ మారతాయి. వీటిని గీటురాళ్లుగా కాకుండా, ఆలోచన మొదలుపెట్టాల్సిన చోటుగా తీసుకోవాలి.

మా నాన్నగారికి రోజుకు రెండు లీటర్లు వస్తోంది. ఇంకా డయాలసిస్ ఎందుకు?

మూత్రం ఎంత వస్తోందన్నది ఒక ప్రశ్న. ఆ మూత్రంలో వ్యర్థాలు ఎంత పోతున్నాయన్నది వేరే ప్రశ్న. కోలుకునే మొదటి దశలో కిడ్నీ నీటిని వదలడం నేర్చుకుంటుంది గానీ వ్యర్థాలను తోడివేయడం ఇంకా రాదు. చూడటానికి నీళ్లలా తెల్లగా ఉండే మూత్రం బోలెడు వస్తూ కూడా యూరియా పెరుగుతూనే ఉండవచ్చు.

ఇది తేల్చడానికి ఒక లెక్క ఉంది. ఆరు గంటలపాటు వచ్చిన మూత్రమంతా పట్టి, అందులో క్రియాటినిన్ ఎంతుందో చూస్తారు. అదే సమయంలో రక్తంలో ఎంతుందో చూస్తారు. దాన్నిబట్టి కిడ్నీ నిమిషానికి ఎన్ని మి.లీ. రక్తాన్ని శుభ్రం చేస్తోందో తెలుస్తుంది. దీన్ని క్రియాటినిన్ క్లియరెన్స్ అంటారు.

ఇద్దరు రోగులను ఊహించుకోండి. ఇద్దరి రక్తంలోనూ క్రియాటినిన్ 3. మొదటివ్యక్తికి ఆరు గంటల్లో 480 మి.లీ. వచ్చింది, మూత్రంలో క్రియాటినిన్ 45. నిమిషానికి 1.33 మి.లీ. చొప్పున లెక్క వేస్తే క్లియరెన్స్ 20 వస్తుంది. రెండోవ్యక్తికి అంతకంటే ఎక్కువ, 600 మి.లీ. వచ్చింది. కానీ మూత్రంలో క్రియాటినిన్ 15 మాత్రమే. ఆయన క్లియరెన్స్ 8 దగ్గర ఆగిపోతుంది. బ్యాగులో ఎక్కువ నిండింది రెండోవారిది, డయాలసిస్ ఆపగలిగింది మొదటివారికి.

2008లో వెలువడిన అమెరికా ఏటీఎన్ ట్రయల్‌లో 1,124 మంది రోగులున్నారు. అందులో పాటించిన పద్ధతి ఇదే. మూత్రం గంటకు 30 మి.లీ. దాటాక ఆరు గంటల మూత్రం పట్టి లెక్క వేశారు. క్లియరెన్స్ 20 దాటితే డయాలసిస్ ఆపారు, 12 లోపు ఉంటే కొనసాగించారు, మధ్యలో ఉంటే వైద్యుడి విచక్షణకు వదిలేశారు. 20 అన్నది చిన్న అంకెలా కనిపించవచ్చు. 70 కిలోల మనిషికి గంటకు కిలోకు 25 మి.లీ. చొప్పున నడిచే నిరంతర డయాలసిస్ ఇచ్చే శుద్ధి నిమిషానికి 29 మి.లీ. మాత్రమే. ఆ యంత్రం రోజంతా ఆగకుండా చేసే పనిలో మూడింట రెండు వంతులు కిడ్నీ సొంతంగా చేస్తున్నట్టు లెక్క.

ఈ పరీక్షకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. మూత్రాన్ని కచ్చితంగా పట్టి, టైము సరిగ్గా రాసే ఒక నర్సు ఉంటే చాలు. అయినా చాలాచోట్ల చేయరు. చేయాలని నేను గట్టిగా నమ్ముతాను.

లాసిక్స్ ఇచ్చి మూత్రం రప్పిస్తే తొందరగా ఆపలేమా?

లాసిక్స్ మూత్రాన్ని పెంచుతుంది, కిడ్నీని బాగుచేయదు. నిరంతర డయాలసిస్ ఆపాక ఈ మందును డ్రిప్‌గా ఇచ్చి చూసిన ట్రయల్‌లో మూత్రం పెరిగింది, ఉప్పు ఎక్కువ పోయింది, కానీ కిడ్నీలు ముందుగా కోలుకోలేదు. కిడ్నీ జబ్బుల చికిత్సకు అంతర్జాతీయ సూచనలిచ్చే కిడిగో సంస్థ 2012 మార్గదర్శకాలు కూడా కిడ్నీ కోలుకోవడానికని, డయాలసిస్ తగ్గించడానికని ఈ మందులు వాడవద్దనే సూచిస్తాయి.

అలాగని పనికిరానిది కాదు. కిడ్నీ కొంత కోలుకున్నాక ఒంట్లో ఇంకా నీరుంటే దాన్ని లాసిక్స్‌తో దించగలిగితే, నీటి కోసమే డయాలసిస్ చేయాల్సిన పని తప్పుతుంది. పైగా మందుకు కిడ్నీ బాగా స్పందించడం దానంతట అది ఒక మంచి సూచన.

కొత్త రక్త పరీక్షలు ఏవో వచ్చాయంటున్నారు?

సిస్టాటిన్ సీ, ఎన్‌గాల్, ప్రోఎన్‌కెఫాలిన్ లాంటివి వచ్చాయి. సిస్టాటిన్ సీకి కండరాలతో పెద్దగా సంబంధం ఉండదు కాబట్టి చిక్కిపోయినవారిలో క్రియాటినిన్ కంటే మెరుగు. అయితే స్టెరాయిడ్లు, ఒంట్లో ఉండే వాపు దాన్ని కూడా పెంచుతాయి. డయాలసిస్ ఆపే నిర్ణయాన్ని వీటి మీదే వదిలేసే పరిస్థితి ఇంకా రాలేదు.

మూత్రం బాగుంటే చాలా? ఇంకేమైనా చూస్తారా?

కిడ్నీ ఎంత చేయగలదో మూత్రం చెబుతుంది. ఒళ్లు దాని మీద ఎంత భారం వేస్తోందో కూడా చూడాలి. ఇంటి సంపాదన ఒక్కటే చూస్తే సరిపోతుందా, ఖర్చు కూడా చూడాలి కదా. జ్వరంతో, ఇన్‌ఫెక్షన్‌తో కాలిపోతున్న ఒంట్లో కండ కరిగి యూరియా, పొటాషియం విపరీతంగా పుడతాయి. స్టెరాయిడ్లు, కడుపులో రక్తస్రావం కూడా యూరియాను పెంచుతాయి. యాంటీబయాటిక్‌లు, పోషణ ద్రవాలు, రక్తం, అన్నీ నరంలోంచే వెళ్తున్న మనిషికి రోజుకు మూడు లీటర్లు లోపలికి పోతుంటే, ఒకటిన్నర లీటర్ల మూత్రం ఏ మూలకూ రాదు. అదే మనిషి మరో వారానికి నోటితో తింటూ డ్రిప్పులు తగ్గాక, ఆ ఒకటిన్నర లీటరే దండిగా సరిపోతుంది.

అందుకే బీపీని నిలబెట్టే మందుల మోతాదు తగ్గుతోందా, ఇన్‌ఫెక్షన్ అదుపులోకి వచ్చిందా, ఊపిరితిత్తుల్లో నీరు తగ్గిందా అని చూస్తారు. బీపీ కోసం నోరాడ్రినలిన్ ఎక్కువ మోతాదులో నడుస్తున్నప్పుడు కిడ్నీకి ఇంకా దెబ్బ తగులుతున్నట్టే. ఆ సమయంలో ఆపితే నిలబడటం కష్టం.

వెంటిలేటర్ మీద ఉన్నవారి విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. వెంటిలేటర్ తీయడం, డయాలసిస్ ఆపడం ఒకే రోజు పెట్టుకోవడం నా దృష్టిలో మంచి ఆలోచన కాదు. శ్వాస కష్టమైతే దేనివల్ల అయిందో తేల్చుకోలేం.

24 గంటల యంత్రం తీసి రోజు విడిచి రోజు నాలుగు గంటలు చేస్తామంటున్నారు. ఇది ఆపడమేనా?

కాదు. అది పద్ధతి మార్చడం. గుండె, బీపీ కుదుటపడ్డాయని, వేగంగా చేసే డయాలసిస్‌ని ఒళ్లు తట్టుకోగలదని దాని అర్థం. శుభవార్తే, కానీ కిడ్నీ గురించిన వార్త కాదు. రెండిటి మధ్య స్లెడ్ అని ఆరు నుంచి పన్నెండు గంటలు నెమ్మదిగా చేసే పద్ధతి కూడా ఉంది.

ఈ మార్పుతో ఒక లాభం ఉంది. రెండు డయాలసిస్‌ల మధ్య ఒకటి రెండు రోజుల ఖాళీ దొరుకుతుంది. యంత్రం లేని ఆ సమయంలో క్రియాటినిన్ ఎంత వేగంగా పెరుగుతోందో చూడవచ్చు. మొదట్లో రోజుకు 1.2 చొప్పున పెరిగినది 0.8కి, తర్వాత 0.3కి తగ్గుతూ వస్తే కిడ్నీ పని అందుకుంటోందన్నమాట.

ఆపే రోజు ఏం జరుగుతుంది? నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తారా?

నిరంతర యంత్రాన్ని సాధారణంగా ఒక్కసారే ఆపుతారు. చాలాసార్లు దానికి ముహూర్తం దానంతట అదే కుదురుతుంది. యంత్రంలోని ఫిల్టర్‌లో రక్తం గడ్డకట్టి ఆగినప్పుడు, కొత్త ఫిల్టర్ వెంటనే బిగించకుండా, "ఇప్పుడు నిజంగా అవసరమా" అని ఒక్క క్షణం ఆలోచించే ఐసీయూ మంచి ఐసీయూ. స్కాన్ కోసమో ఆపరేషన్ కోసమో యంత్రం విప్పినప్పుడు కూడా ఇంతే. రోజు విడిచి రోజు చేసేవారికి, చేయాల్సిన రోజు పొద్దున రక్త పరీక్ష చూసి, "ఇవాళ వద్దు, రేపు మళ్లీ చూద్దాం" అంటారు.

ఆపిన తర్వాత రెండు మూడు రోజులు దగ్గరుండి కనిపెట్టాలి. గంటగంటకూ మూత్రం, లోపలికి వెళ్లినదానికీ బయటికి వచ్చినదానికీ తేడా, వీలైతే బరువు, రోజుకు ఒకటి రెండుసార్లు పొటాషియం, ఆమ్లం. ఈ సమయంలో కుటుంబాన్ని కంగారుపెట్టే సంగతి ఒకటుంది. యంత్రం గుండా తిరిగే రక్తం చల్లబడి జ్వరాన్ని కప్పిపుచ్చుతుంది. ఆపిన కొన్ని గంటలకు జ్వరం కనిపిస్తే అది కొత్తగా వచ్చిందో, ఇన్నాళ్లూ దాగి ఉన్నదో వైద్యులు వెతకాలి.

మందుల మోతాదులు కూడా ఆ రోజే మార్చాలి. మెరోపెనెమ్, వాంకోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లను యంత్రం కడిగేస్తుంది కాబట్టి ఎక్కువ ఇస్తుంటారు. యంత్రం ఆగాక అదే మోతాదు కొనసాగితే ఒంట్లో పేరుకుంటాయి. కొన్నిటివల్ల మూర్ఛ రావచ్చు, వాంకోమైసిన్ అయితే అప్పుడప్పుడే కోలుకుంటున్న కిడ్నీని మళ్లీ దెబ్బకొట్టవచ్చు. "మందుల డోసులు మార్చారా" అని కుటుంబం అడిగితే తప్పేం లేదు.

ఆపాక క్రియాటినిన్ మళ్లీ పెరుగుతోంది. తప్పు చేశామా?

పెరుగుతుందని ముందే అనుకోవాలి. యంత్రం దించిన అంకె, కిడ్నీ సొంతంగా నిలబెట్టగల అంకె దగ్గరికి వెళ్లి ఆగుతుంది. ఆపిన రోజు 2.4, మర్నాడు 3.3, తర్వాత 3.9, 4.1, 4.0 అని నడిచిందనుకోండి. ఈ వరుసలో పెరుగుదల రోజురోజుకూ చిన్నదవుతోంది, చివర వెనక్కి తిరిగింది. చక్కటి కోలుకోవడం ఇలాగే ఉంటుంది. మూడో రోజు 3.9 చూసి భయపడి మళ్లీ యంత్రం బిగిస్తే, ఆ చివరి మలుపు ఎవరికీ కనపడకుండా పోతుంది.

మనిషి హాయిగా ఊపిరి తీసుకుంటూ, మూత్రం వస్తూ, పొటాషియం అదుపులో ఉంటే, కేవలం క్రియాటినిన్ 4 దాటిందని డయాలసిస్ మొదలుపెట్టనక్కర్లేదు.

మరి ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి?

మందులకు లొంగకుండా పొటాషియం 6 దాటి పెరుగుతూ పోతుంటే, లేదా ఈసీజీలో తేడా వస్తే. రక్తంలో ఆమ్లం బాగా పెరిగి పీహెచ్ 7.2 కిందికి పడిపోతే. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆక్సిజన్ చాలకపోతే. యూరియా పెరిగి మత్తుగా ఉండటం, గుండె చుట్టూ పొర వాయడం లాంటివి కనిపిస్తే. వీటిలో ఏదైనా వస్తే ఆలస్యం చేయకూడదు.

మళ్లీ మొదలుపెట్టడాన్ని ఓటమిగా చూడొద్దని మాత్రం ప్రతి కుటుంబానికీ చెబుతాను. పైన చెప్పిన 2009 అధ్యయనంలో ప్రతి ఐదుగురిలో ఇద్దరికి మళ్లీ అవసరమైంది. ఆపి చూడటం అంటే పరీక్ష పెట్టడం. ఈ వారం తట్టుకోలేని కిడ్నీ వచ్చే వారం తట్టుకోవచ్చు. మళ్లీ పెట్టాక, మళ్లీ ఆపి చూసే రోజు గురించి మాట్లాడుకోవడం మానేయడమే అసలు నష్టం.

తొందరపడి ఆపితే ప్రమాదమా, ఆలస్యం చేస్తే ప్రమాదమా?

రెండిటిలోనూ ఉంది. తొందరపడితే ఏమవుతుందో పై జవాబులో ఉంది. ఆలస్యం వల్ల వచ్చే నష్టం కంటికి కనపడదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పాలి.

డయాలసిస్ జరుగుతున్నప్పుడు బీపీ పడిపోతే, కోలుకుంటున్న కిడ్నీకి రక్తం తగ్గి మళ్లీ దెబ్బ తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీకి బీపీ తగ్గినా రక్తాన్ని నిలబెట్టుకునే యంత్రాంగం ఉంటుంది, దెబ్బతిన్నదానికి అది ఉండదు. నీరు ఎక్కువగా, వేగంగా లాగినప్పుడు ఇది జరుగుతుంది. డయాలసిస్ కోసం మెడ నరంలో పెట్టిన గొట్టం ఉన్న ప్రతి రోజూ ఇన్‌ఫెక్షన్ ముప్పు ఉంటుంది. మందులు, పోషకాలు, ఫాస్ఫేట్ లాంటివి యంత్రంతో పోతాయి. మనిషి మంచానికి కట్టుబడి, లేచి నడిచే రోజు వెనక్కిపోతుంది.

2020లో వచ్చిన స్టార్ట్ ఏకేఐ ట్రయల్ మూడు వేల మందితో జరిగింది. డయాలసిస్ తొందరగా మొదలుపెట్టినవారికి ప్రాణాపాయం ఏమీ తగ్గలేదు. బతికి బయటపడ్డవారిలో 90 రోజుల తర్వాత కూడా డయాలసిస్ మీదే ఉన్నవారు ఆ గుంపులో 10.4 శాతం, అవసరం వచ్చేదాకా ఆగిన గుంపులో 6 శాతం. అది మొదలుపెట్టడం గురించిన ట్రయల్, నిజమే. కానీ అక్కర్లేని డయాలసిస్ ఊరికే పోదన్న సంగతి దానివల్ల తెలిసింది. ఆపడం మీదే నేరుగా జరిగిన లిబరేట్ డి అనే ట్రయల్ కూడా అటువైపే చూపింది. వారానికి మూడుసార్లు అని టైంటేబుల్ పెట్టుకోకుండా, నిజంగా అవసరమైన రోజే చేసిన గుంపులో ఆసుపత్రి నుంచి వెళ్లేనాటికి కోలుకున్నవారు ఎక్కువ.

మరీ ఎక్కువ ఆగడం కూడా మంచిది కాదని 2021లో వచ్చిన అకికి 2 ట్రయల్ హెచ్చరించింది. యూరియా విపరీతంగా పెరిగేదాకా ఆగినవారికి లాభం కలగలేదు, హాని జరిగే సూచనలు కనిపించాయి.

నా మాట ఇది: డయాలసిస్ అలవాటుగా నడవకూడదు. ప్రతిరోజూ పొద్దున రౌండ్స్‌లో "ఇవాళ ఎందుకు కావాలి" అన్న ప్రశ్నకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. జవాబు లేకపోతే ఆ రోజు ఆపి చూడాలి.

ఉన్నట్టుండి రోజుకు నాలుగైదు లీటర్లు వస్తోంది. ఇదేం కొత్త సమస్య?

కోలుకునే దశలో కొందరికి ఇలా జరుగుతుంది. పేరుకున్న యూరియా, నీరు, ఉప్పు బయటికి పోతుంటే, నీటిని తిరిగి పీల్చుకునే పని నాళాలకు ఇంకా అబ్బదు. కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. ఈలోగా పొటాషియం, సోడియం పడిపోవచ్చు, ఒళ్లు ఎండిపోయి కిడ్నీకి మళ్లీ దెబ్బ తగలవచ్చు. అలాగని పోయినదంతా డ్రిప్పులతో నింపుతూ పోతే మూత్రం ఎప్పటికీ తగ్గదు. కొంత నింపి, కొంత వదిలి, రోజూ బరువు చూస్తూ నడిపించాలి.

మెడలో గొట్టం ఎప్పుడు తీస్తారు?

ఆపిన వెంటనే తీయరు. మళ్లీ అవసరం పడదని నమ్మకం కుదిరేదాకా ఒకటి రెండు రోజులు, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువ ఉంచుతారు. అక్కడ ఎర్రబడినా, చలిజ్వరం వచ్చినా ఆగకుండా తీసేస్తారు. తీసేటప్పుడు రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తర్వాత గట్టిగా నొక్కి పట్టి మూసేస్తారు. నరంలోకి గాలి పోకుండా ఈ జాగ్రత్త.

ముందే కిడ్నీ జబ్బు ఉన్నవారి సంగతేమిటి?

వాళ్లకు కోలుకునే అవకాశం తక్కువ, సమయం ఎక్కువ పడుతుంది. ఐసీయూకి రాకముందు క్రియాటినిన్ ఎంత ఉండేదన్న సమాచారం ఇక్కడ చాలా విలువైనది. పాత రిపోర్టులు ఇంట్లో ఉంటే తెచ్చి చూపించండి. ముందు నుంచే 2.5 ఉన్న మనిషి 1కి రావాలని ఎదురుచూడటం అర్థంలేని పని. ఆయన 3 దగ్గర నిలబడితే అదే విజయం.

ఎన్ని రోజులు ఎదురుచూడాలి?

సాధారణంగా 90 రోజులను హద్దుగా పెట్టుకుంటారు. ఆ తర్వాత కూడా డయాలసిస్ కావాలంటే శాశ్వత కిడ్నీ వైఫల్యంగా పరిగణిస్తారు. దాని తర్వాత కోలుకున్నవారూ కొద్దిమంది ఉన్నారు. ఐసీయూ నుంచి వెళ్లి బయట డయాలసిస్ కేంద్రంలో చేయించుకునేవారికి ఒక ప్రమాదం ఉంది. అక్కడ అందరూ శాశ్వత రోగులే కాబట్టి, ఈ మనిషి కిడ్నీ కోలుకుంటోందేమోనని ఎవరూ చూడకపోవచ్చు. ప్రతి వారం డయాలసిస్‌కి ముందు రక్త పరీక్ష, మధ్యలో మూత్రం పట్టి చూడటం తప్పనిసరిగా అడగండి.

కిడ్నీ కోలుకోలేదు. అయినా ఇక ఆపుదామా అని డాక్టర్లు అడుగుతున్నారు. ఇదేమిటి?

ఇది పూర్తిగా వేరే నిర్ణయం, అన్నిటికంటే బరువైనది. కిడిగో మార్గదర్శకాలు డయాలసిస్ ఆపడానికి రెండు కారణాలు చెబుతాయి. కిడ్నీ తన పని తాను చేసుకోగలగడం ఒకటి. చికిత్స ఏ లక్ష్యం కోసం చేస్తున్నామో, ఆ లక్ష్యానికి డయాలసిస్ ఇక ఉపయోగపడకపోవడం రెండోది. మెదడు తిరిగిరానంతగా దెబ్బతిన్నప్పుడు, అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతున్నప్పుడు, యంత్రం మనిషిని బతికించడం మానేసి మరణాన్ని మాత్రమే వాయిదా వేస్తూ ఉండవచ్చు.

అప్పుడు ముందుగా అడగాల్సింది రోగినే, ఆయన చెప్పగల స్థితిలో ఉంటే. చెప్పలేని స్థితిలో ఉంటే, "మీకేం కావాలి" అని కాకుండా "ఆయన మాట్లాడగలిగితే ఏమనేవారు" అని కుటుంబాన్ని అడగాలి. ఈ తేడా చాలా పెద్దది. నాన్న ప్రాణం తీసే సంతకం నేను పెట్టాను అన్న భారం ఏ కొడుకు మీదా, ఏ కూతురి మీదా పడకూడదు. నిర్ణయం వైద్యబృందంతో కలిసి తీసుకునేది. ప్రాణం తీసేది జబ్బు.

తేల్చుకోలేకపోతే గడువు పెట్టుకోవచ్చు. ఇంకో ఐదు రోజులో వారమో చేసి, ఏ మార్పు వస్తే మంచిదనుకోవాలో, ఏది రాకపోతే ఆపాలో ముందే మాట్లాడుకోవాలి. గడువు ముగిసిన రోజు తప్పకుండా మళ్లీ కూర్చోవాలి.

ఆపాక ఎన్నాళ్లు అన్నది రోగిని బట్టి ఉంటుంది. దీర్ఘకాలం డయాలసిస్ చేయించుకున్నవారు ఆపేస్తే సాధారణంగా వారం పది రోజులు, మూత్రం కొంత వస్తుంటే ఇంకా ఎక్కువ. ఐసీయూలో మిగతా అవయవాలు కూడా దెబ్బతిని ఉంటే గంటలు, ఒకటి రెండు రోజులే కావచ్చు. యూరియా పెరిగేకొద్దీ మనిషి మత్తులోకి జారుకుంటాడు. ఆయాసం, దురద, వాంతులు, ఒళ్లు ఉలిక్కిపడటం లాంటివి వస్తే మందులున్నాయి. నొప్పికి మార్ఫిన్ కంటే ఫెంటానిల్ మేలు, ఎందుకంటే మార్ఫిన్ విరిగి ఏర్పడే పదార్థాలు కిడ్నీలు లేనప్పుడు పేరుకుపోతాయి. డయాలసిస్ ఆపడం అంటే చూసుకోవడం ఆపడం కాదు, ఈ మాట డాక్టరు నోటి నుంచి మీకు వినపడకపోతే మీరే అడిగి చెప్పించుకోండి.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్‌ని ఏం అడగాలి?

నిన్న 24 గంటల్లో మూత్రం ఎంత, మందుతోనా, మందు లేకుండానా? క్లియరెన్స్ లెక్క వేశారా? ఇవాళ డయాలసిస్ దేనికోసం, నీటి కోసమా, పొటాషియం కోసమా? డయాలసిస్‌లో బీపీ పడిపోతోందా? ఆపి చూడాలంటే ఇంకా ఏం మెరుగుపడాలి? ఈ ఐదూ చాలు.

డయాలసిస్ ఆగింది, ఇంటికి వచ్చేశాం. ఇక మర్చిపోవచ్చా?

మర్చిపోవద్దు. ఒకసారి ఇంత దెబ్బతిన్న కిడ్నీకి తర్వాతి ఏళ్లలో శాశ్వత జబ్బు వచ్చే ముప్పు ఎక్కువ. మొదటి ఒకటి రెండు వారాల్లోనే నెఫ్రాలజిస్ట్‌ను కలవాలి. మూడు నెలలకు క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూపించాలి, ఆ తర్వాత ఏటా. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్లలు సొంతంగా వేసుకోకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున బీపీ మందులు, షుగరు మందులు కొన్ని ఆపాల్సి రావచ్చు, వాటి పేర్లు ముందే రాయించుకోండి. స్కాన్ కోసం రంగు మందు ఎక్కిస్తామని ఎవరన్నా, కొత్త మందు ఎవరు రాసినా, ఐసీయూలో డయాలసిస్ చేశారన్న సంగతి ముందు చెప్పండి. డిశ్చార్జి కాగితం ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకుంటే ఆ మాట ఎక్కడైనా తేలిగ్గా చెప్పవచ్చు.